డౌన్‌లోడ్ చేసిన పాటలను మ్యూజిక్ ప్లేయర్‌లోకి ఎక్కించడం ఎలా

పాటల ఫైళ్లను కంప్యూటర్ నుంచి ప్లేయర్‌లోకి కాపీ చేయడం పెద్ద పనేమీ కాదు. చిక్కంతా ఆ తరువాత మొదలవుతుంది. సగం పాటలు కనిపించవు. కనిపించినవి ‘తెలియని గాయకుడు’ కింద కుప్పగా పడి ఉంటాయి. రెండో పాట కంటే ముందే పదో పాట వస్తుంది. తెలుగు పేర్లున్న చోట ఖాళీ గడులు వరుసగా దర్శనమిస్తాయి. ప్లేయర్ పాడైందనో, కాపీ సరిగా జరగలేదనో అనుకుని మళ్లీ మొదటి నుంచి కాపీ చేస్తారు. ఫలితం మారదు. ఎందుకంటే ఈ తంటాల్లో చాలావరకు కేబుల్ తగిలించక ముందు, కంప్యూటర్‌లోనే చేసి ఉండవలసిన పని చేయకపోవడం వల్ల వచ్చేవే. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ పని గురించే చెబుతాను.

మొదటి పని: చేతిలో ఉన్నది నిజంగా ఫైలేనా, చూసుకోండి

స్ట్రీమింగ్ యాప్‌లో ‘డౌన్‌లోడ్’ బొమ్మ నొక్కినంత మాత్రాన పాట మీ సొంతం కాదు. ఆ యాప్ పాటను తాళం వేసి తన దగ్గరే దాచుకుంటుంది. ఇంటర్నెట్ లేనప్పుడు అదే యాప్‌లో వినడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. చందా ఆగిపోతే అదీ ఉండదు. ఆ ఫైళ్లను వెతికి పట్టుకుని ప్లేయర్‌లో వేసినా అవి పాడవు. ప్లేయర్‌లోకి ఎక్కించాలంటే తాళం లేని మామూలు ఫైలు కావాలి. బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట కొన్నవి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కళాకారులే ఉచితంగా పెట్టినవి, మీ సొంత సీడీల నుంచి కంప్యూటర్‌లోకి తీసుకున్నవి ఈ కోవలోకి వస్తాయి. ఐట్యూన్స్ స్టోర్ కూడా 2009 నుంచి పాటలను తాళం లేకుండానే అమ్ముతోంది. అంతకు ముందు కొన్నవాటిలో ఎం4పీ అనే ఎక్స్‌టెన్షన్ (ఫైలు పేరు చివర చుక్క తరువాత వచ్చే అక్షరాలు) ఉన్నవి తాళం వేసిన ఫైళ్లు.

దీన్ని పరీక్షించే పద్ధతి సులువే. కంప్యూటర్‌లో ఆ ఫైలు ఉన్న ఫోల్డర్ తెరవండి, ఇంటర్నెట్ ఆపండి, ఫైలును వీఎల్‌సీ లాంటి సాధారణ ప్లేయర్‌లో తెరవండి. పాడితే సరే. పాడకపోయినా, అసలు ఫైలు ఎక్కడుందో మీకే దొరకకపోయినా దాన్ని వదిలేయండి.

కొన్న ఆల్బమ్ తరచుగా ఒకే జిప్ ఫైలుగా దిగుతుంది. మ్యూజిక్ ప్లేయర్లు జిప్‌ను విప్పలేవు. దాన్ని ముందు కంప్యూటర్‌లో పూర్తిగా విప్పాలి. విండోస్‌లో జిప్ మీద రెండుసార్లు నొక్కితే లోపలి ఫైళ్లు కనిపిస్తాయి గానీ అది లోపలికి తొంగి చూడడం మాత్రమే. కుడి బటన్ నొక్కి, మొత్తం విప్పే ఎంపికను వాడండి.

ఇక్కడే ఒక సలహా. విప్పిన పాటలన్నిటికీ కంప్యూటర్‌లో ఒకే ఒక ఫోల్డర్ పెట్టుకోండి. దాని లోపల కళాకారుడి పేరుతో ఒక ఫోల్డర్, అందులో ఆల్బమ్ పేరుతో మరొకటి, అందులో పాటలు. ప్లేయర్‌లో ఉండేది దీని నకలు మాత్రమే కావాలి. ప్లేయర్లు పోతాయి, కార్డులు చెడిపోతాయి. అసలు ప్రతి కంప్యూటర్‌లో ఉంటే వాటికి బెంగపడనక్కరలేదు. పాటలను ప్లేయర్‌లోకి ‘కట్’ చేసి ‘పేస్ట్’ చేసే అలవాటు ఉంటే ఇప్పుడే మానేయండి.

ప్లేయర్ ఏ రకం ఫైళ్లు చదువుతుంది?

ప్లేయర్‌తో వచ్చిన కాగితంలోనో, తయారీదారు సైట్‌లోనో అది చదవగల ఫార్మాట్ల జాబితా ఉంటుంది. ముందు అది చూడండి. ఎంపీ3 చదవని ప్లేయర్ దాదాపుగా లేదు. ఎక్కువ ప్లేయర్లు వేవ్ ఫైళ్లను కూడా చదువుతాయి. ఆపైన ఒక్కోదానిది ఒక్కో తీరు. నాణ్యత ఏమాత్రం తగ్గకుండా పరిమాణం తగ్గించే ఫ్లాక్‌ను చాలా కొత్త ప్లేయర్లు చదువుతాయి, చవకరకం పాతవి చదవవు. ఐపాడ్‌లైతే ఫ్లాక్‌ను అసలే ముట్టవు. వాటికి ఆపిల్ సొంత ఫార్మాట్ అలాక్ కావాలి. ఓపస్ మంచి ఫార్మాటే, తక్కువ పరిమాణంలో బాగా వినిపిస్తుంది. కానీ అది 2012లో ప్రమాణంగా వచ్చింది కాబట్టి అంతకు ముందరి ప్లేయర్లకు దాని ఊసే తెలియదు.

ఎం4ఏ అనే ఎక్స్‌టెన్షన్‌తో కొంచెం జాగ్రత్త. అది పెట్టె పేరు మాత్రమే, లోపల ఏముందో చెప్పదు. లోపల ఏఏసీ ఉండవచ్చు, అలాక్ ఉండవచ్చు. ఏఏసీ చదివే ప్లేయర్ అలాక్ చదవాలని లేదు. ఒకే ఫోల్డర్‌లో కొన్ని ఎం4ఏలు పాడుతూ కొన్ని మొరాయిస్తుంటే కారణం తరచు ఇదే. వీఎల్‌సీలో పాట తెరిచి, టూల్స్ మెనూలో కోడెక్ సమాచారం చూస్తే లోపలున్నదేదో తెలిసిపోతుంది.

ఎక్స్‌టెన్షన్‌ను చేత్తో మార్చి, ఫ్లాక్ అన్నచోట ఎంపీ3 అని రాస్తే ఫైలు ఎంపీ3 అయిపోదు. మార్పిడి ప్రోగ్రామ్ కావాలి. విండోస్‌లో ఫూబార్2000 ఈ పని చక్కగా చేస్తుంది. ఆదేశాలు టైప్ చేయడం అలవాటున్నవారికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంది, అది ఏ కంప్యూటర్‌లోనైనా నడుస్తుంది. మార్చేటప్పుడు ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. ఎంపీ3, ఏఏసీ, ఓపస్ లాంటివి పరిమాణం తగ్గించడానికి ధ్వనిలో కొంత భాగాన్ని శాశ్వతంగా వదిలేస్తాయి. వాటిలో ఒకదాని నుంచి మరొకదానికి మారిస్తే మళ్లీ కొంత పోతుంది. 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3ని 320కి మారిస్తే పరిమాణం రెండున్నర రెట్లు అవుతుంది, పోయిన ధ్వని మాత్రం ఒక్క పిసరు కూడా తిరిగి రాదు. అందుకని వీలైతే ఫ్లాక్‌ను కొని, దాన్ని అసలు ప్రతిగా కంప్యూటర్‌లో దాచి, ప్లేయర్ కోసం అందులోంచి ఎంపీ3 చేసుకోండి. బ్యాండ్‌క్యాంప్‌లో కొన్న ఆల్బమ్‌ను ఎంపీ3, ఫ్లాక్ లాంటి పలు ఫార్మాట్లలో దించుకోవచ్చు కాబట్టి ఈ శ్రమ కూడా ఉండదు.

ఎంత చోటు పడుతుందో లెక్క వేయడం తేలిక. 320 కేబీపీఎస్ అంటే నిమిషానికి 2.4 ఎంబీ. అయిదు నిమిషాల పాటకు 12 ఎంబీ. 128 అయితే అదే పాట 4.8 ఎంబీ. సీడీ ధ్వని యథాతథంగా ఉన్న వేవ్ ఫైలైతే నిమిషానికి సుమారు 10.6 ఎంబీ, అంటే అయిదు నిమిషాలకు 50 ఎంబీ దాటుతుంది. ఫ్లాక్‌లో ఇది మామూలుగా సగం నుంచి మూడింట రెండు వంతులకు దిగుతుంది. 8 జీబీ ప్లేయర్‌లో 320 నాణ్యత పాటలు ఆరువందల పైచిలుకు పడతాయి. అదే ప్లేయర్‌ను విండోస్ 7.4 జీబీగా చూపిస్తే మోసపోయామనుకోకండి. తయారీదారు వేయి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. రోడ్డు మీద, బస్సులో చిన్న ఇయర్‌ఫోన్లతో వినేవారికి 192 నుంచి 256 మధ్య ఎంపీ3 చాలు. చోటు ఉంది కదా అని ప్రతి పాటనూ భారీ ఫైలుగా ఎక్కిస్తే ఆ చోటు త్వరగా నిండడం తప్ప ఒరిగేది తక్కువ.

ట్యాగ్‌లు: అసలు శ్రమ ఇక్కడే

ఫైలు పేరు వేరు, ట్యాగ్ వేరు. పాట శీర్షిక, కళాకారుడు, ఆల్బమ్, ట్రాక్ నంబర్, సంవత్సరం, అట్టబొమ్మ (ఆల్బమ్ ఆర్ట్) ఇవన్నీ ఫైలు లోపలే ట్యాగ్ రూపంలో రాసి ఉంటాయి. ప్లేయర్‌లో ‘ఆల్బమ్‌లు’, ‘కళాకారులు’ అనే జాబితాలు తయారయ్యేది ఈ ట్యాగ్‌ల నుంచే. ఫైలుకు మీరు ఎంత అందమైన పేరు పెట్టినా ఆ జాబితాలు దాన్ని పట్టించుకోవు. ‘ఫోల్డర్లు’ అనే ఎంపిక ఉన్న ప్లేయర్లలో మాత్రం ఫైలు పేరుదే రాజ్యం. కాబట్టి రెండూ సరిగా ఉండాలి.

ట్యాగ్‌లు దిద్దడానికి విండోస్‌లో ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. కిడ్3 అనేది విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఏ ఆల్బమ్‌దో తెలియని పాటలు గుట్టలుగా ఉంటే మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ ప్రయత్నించండి. అది పాట ధ్వనిని విని, తన భాండాగారంతో పోల్చి, వివరాలు తెచ్చి పెడుతుంది. బాగా ప్రచారంలో ఉన్న ఆల్బమ్‌లకు ఇది అక్కరకొస్తుంది. అరుదైన రికార్డింగులను గుర్తుపట్టకపోవచ్చు, అప్పుడు చేత్తో రాయక తప్పదు. అది తెచ్చిన వివరాలను కూడా ఒకసారి కళ్లతో చూసి గానీ సేవ్ చేయకండి. ఒకే పాట అసలు ఆల్బమ్‌లోనూ, పది సంకలనాల్లోనూ ఉన్నప్పుడు మీకు అక్కరలేని సంకలనం పేరు తగిలించే అవకాశం ఉంది.

ఆల్బమ్ మొత్తాన్ని ప్రోగ్రామ్‌లోకి లాగి, అన్ని పాటలనూ ఎంపిక చేసి, ఉమ్మడి వివరాలు ఒకేసారి రాయండి. ఆల్బమ్ పేరు అన్ని పాటలకూ అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉండాలి. చివర ఒక ఖాళీ ఎక్కువైనా కొన్ని ప్లేయర్లు దాన్ని వేరే ఆల్బమ్ అనుకుంటాయి. తరువాత అందరూ మరచిపోయే గడి ఒకటుంది, ‘ఆల్బమ్ కళాకారుడు’. ఒక్కో పాటను ఒక్కొక్కరు పాడిన ఆల్బమ్‌లో ఈ గడి ఖాళీగా ఉంటే చాలా ప్లేయర్లు దాన్ని గాయకుడికొక ముక్కగా చీల్చేస్తాయి. ఎనిమిది పాటల ఆల్బమ్ ఎనిమిది ఆల్బమ్‌లుగా కనిపిస్తుంది. ఈ గడిలో అన్ని పాటలకూ ఒకే పేరు, సంగీత దర్శకుడిదో, ‘పలువురు’ అనో రాసేయండి. గాయకుల పేర్లు మామూలు ‘కళాకారుడు’ గడిలోనే ఉండనివ్వండి.

ట్రాక్ నంబర్లు తప్పనిసరి. అవి లేకపోతే ప్లేయర్ అక్షరక్రమంలో పాడుతుంది, వరుసగా వినవలసిన కచేరీ రికార్డింగ్ అయితే ఇక చెప్పనక్కరలేదు. ఫైలు పేర్ల ముందు కూడా అంకెలు పెట్టండి. అయితే 1, 2, 10 అని కాకుండా 01, 02, 10 అని పెట్టాలి. చాలా ప్లేయర్లు అంకెలను సంఖ్యగా చూడవు, ఒక్కో అక్షరంగా చూస్తాయి. వాటి దృష్టిలో 1 తరువాత వచ్చేది 10, ఆ తరువాత 11, ఆ తరువాతే 2. ఎంపీ3ట్యాగ్‌లో ట్యాగ్ నుంచి ఫైలు పేరు తయారుచేసే ఎంపిక ఉంది, దానితో ఆల్బమ్ మొత్తానికి ఒకే దెబ్బతో పేర్లు పెట్టవచ్చు. ఫైలు పేర్లలో ప్రశ్నార్థకం, కోలన్, నక్షత్రం గుర్తు, కొటేషన్ గుర్తులు, వాలుగీతలు ఉండకూడదు. మ్యాక్‌లోనో లినక్స్‌లోనో పెట్టిన అలాంటి పేర్లు ప్లేయర్ కార్డు మీదికి వచ్చేసరికి మొరాయిస్తాయి.

ఇక తెలుగు లిపి సంగతి. ఎంపీ3 ట్యాగ్‌లో చాలా రకాలున్నాయి. అన్నిటికంటే పాతదైన ఐడీ3 మొదటి వెర్షన్‌లో ట్యాగ్ మొత్తం 128 బైట్లు, శీర్షికకు 30 బైట్లే చోటు. తెలుగు అక్షరాలకు అది పనికిరాదు. 2.3 వెర్షన్‌లో అన్ని లిపులనూ రాయగల యూటీఎఫ్-16 పద్ధతి వాడితే తెలుగు సరిగా కూర్చుంటుంది. 2.4 వెర్షన్‌లో యూటీఎఫ్-8 కూడా వచ్చింది గానీ కొన్ని పాత ప్లేయర్లు ఆ వెర్షన్‌నే చదవవు. కాబట్టి ట్యాగ్ ప్రోగ్రామ్ సెట్టింగ్స్‌లో 2.3, యూటీఎఫ్-16 ఎంచుకోవడం క్షేమం. ఇంత చేసినా ప్లేయర్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే ఖాళీ గడులే కనిపిస్తాయి. ఫాంట్ ఉన్నా ఒత్తులు, గుణింతాలు కలిపి చూపే తెలివి లేకపోతే అక్షరాలు విడివిడిగా పడి చదవడానికి కష్టమవుతుంది. అందుకే అన్ని ట్యాగ్‌లూ తెలుగులో దిద్దే ముందు ఒక్క పాటను దిద్ది, ప్లేయర్‌లో వేసి చూడండి. తెలుగు సరిగా రాకపోతే ప్లేయర్ కోసం తీసే నకలులో మాత్రం రోమన్ లిపిలో రాసుకోండి. కంప్యూటర్‌లోని అసలు ప్రతిలో తెలుగే ఉంచండి. తెరపై తెలుగు రాలేదని దాచుకున్న సేకరణ మొత్తాన్ని రోమన్‌లోకి మార్చేయడం నాకు నచ్చదు. ఈ ప్లేయర్ పోయి మరొకటి వస్తుంది, సేకరణ ఉండిపోతుంది.

అట్టబొమ్మ విషయంలో రెండే మాటలు. అది జేపెగ్‌గా, సుమారు 500 పిక్సెళ్ల చదరంలో ఉంటే చాలు. ప్రోగ్రెసివ్ రకం జేపెగ్‌లను చాలా ప్లేయర్లు చూపలేవు. బొమ్మ రాకపోతే దాన్ని ఏదైనా చిత్రాల ప్రోగ్రామ్‌లో తెరిచి, ప్రోగ్రెసివ్ టిక్ తీసేసి మళ్లీ సేవ్ చేయండి.

కేబుల్ తగిలించడం

కేబుల్ తగిలించినా కంప్యూటర్ ఉలకదు పలకదు, ప్లేయర్ మాత్రం చార్జ్ అవుతుంటుంది. ఇలా జరిగితే ముందు కేబుల్‌నే అనుమానించండి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో విద్యుత్తుకు రెండు తీగలు, డేటాకు రెండు తీగలు ఉంటాయి. చార్జింగ్ కోసమే చేసిన కొన్ని చవక కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. పైకి చూస్తే తేడా తెలియదు. మరో కేబుల్ మార్చి చూడండి, యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేసి కంప్యూటర్‌కే నేరుగా తగిలించండి. కొన్ని ప్లేయర్లు తెర మీద ‘చార్జింగ్’, ‘డేటా’ అని అడుగుతాయి, ఆ ప్రశ్న కనిపించి మాయమయ్యేలోగా జవాబివ్వాలి.

కనెక్ట్ అయ్యాక ప్లేయర్ కంప్యూటర్‌కు ఎలా కనిపిస్తుందన్నదాన్ని బట్టి దారులు మూడు.

మొదటిది, అన్నిటికంటే సుఖమైనది, పెన్‌డ్రైవ్‌లా కనిపించడం. దీన్ని మాస్ స్టోరేజ్ అంటారు. విండోస్‌లో ఒక డ్రైవ్ అక్షరంతో, మ్యాక్‌లో డెస్క్‌టాప్ మీద డిస్కుగా వస్తుంది. లోపల మ్యూజిక్ అనే ఫోల్డర్ ఉంటే అందులోకి, లేకపోతే మీరే ఒకటి సృష్టించి, ఆల్బమ్ ఫోల్డర్లను కాపీ చేయడమే.

రెండోది ఎంటీపీ. ఆండ్రాయిడ్ ఆధారంగా నడిచే ప్లేయర్లు, ఫోన్లు ఇలా కనిపిస్తాయి. ఇందులో కంప్యూటర్ నేరుగా మెమరీలో రాయదు, ‘ఈ ఫైలు పెట్టుకో’ అని ప్లేయర్‌ను అడుగుతుంది. విండోస్‌లో ఇది మామూలుగానే పనిచేస్తుంది. మ్యాక్‌లో ఎంటీపీకి సొంత సదుపాయం లేదు, ఓపెన్‌ఎంటీపీ లాంటి ప్రోగ్రామ్ పెట్టుకోవాలి. ఎంటీపీతో వేలకొద్దీ ఫైళ్లు ఒక్కసారి పంపితే మధ్యలో ఆగిపోవడం మామూలే. ఇరవై ముప్పై ఆల్బమ్‌ల చొప్పున విడతలుగా పంపండి. ప్లేయర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ పద్ధతి మార్చే వీలుంటే మాస్ స్టోరేజ్‌కే నా ఓటు.

మూడోది ఐపాడ్. 2001లో వచ్చిన మొదటి ఐపాడ్ నుంచి, 2022లో ఆపిల్ అమ్మకం ఆపేసిన చివరి ఐపాడ్ టచ్ వరకు దీని పద్ధతి ఒకటే: ఫైళ్లను మీరు నేరుగా పెట్టకూడదు, ప్రోగ్రామ్ ద్వారానే పంపాలి. క్లాసిక్, నానో లాంటివి డిస్కులా కనిపించినా అందులో మీరు పడేసిన పాట పాటల జాబితాలో కనిపించదు. ఐపాడ్ పాటలను కంటికి కనిపించని ఫోల్డర్లలో, నాలుగక్షరాల పిచ్చి పేర్లతో దాచుకుని, ఏ పాట ఎక్కడుందో ఒక సూచీలో రాసుకుంటుంది. గ్రంథాలయంలో అరలోకి మీరే ఒక పుస్తకం దూర్చినా సూచీలో అది లేకపోతే గ్రంథపాలకుడికి తెలియనట్లే ఇది కూడా. విండోస్‌లో ఐట్యూన్స్ ద్వారా పంపండి. మ్యాక్‌లో 2019 నాటి కాటలినా వెర్షన్ నుంచి ఐట్యూన్స్ పోయింది. ఇప్పుడు పాటలు మ్యూజిక్ యాప్‌లో ఉంటాయి, ఐపాడ్ సెట్టింగ్స్ ఫైండర్‌లో (మ్యాక్‌లో ఫైళ్లు చూపే ప్రోగ్రామ్) ఉంటాయి. అక్కడ పాటలను చేత్తో నిర్వహించే ఎంపికకు టిక్ పెట్టండి. అప్పుడు కావలసిన ఆల్బమ్‌ను లాగి ఐపాడ్ మీద వదిలితే సరిపోతుంది. వేరే కంప్యూటర్‌తో సింక్ అయిన ఐపాడ్‌ను తగిలించినప్పుడు ‘ఉన్నవి తుడిచేసి సింక్ చేయనా’ అని అడుగుతుంది. తొందరలో అవునని నొక్కితే అందులోని పాటలన్నీ పోతాయి.

ప్లేయర్‌లో మైక్రో ఎస్‌డీ కార్డు ఉంటే నాలుగో దారి కూడా ఉంది. కార్డును బయటికి తీసి, కార్డు రీడర్‌లో పెట్టి నేరుగా రాయడం. వందల పాటలు ఒకేసారి ఎక్కించేటప్పుడు నేను దీన్నే సిఫారసు చేస్తాను. వేగం ఎక్కువ, ఎంటీపీ గొడవ ఉండదు.

కొత్త కార్డయితే

కార్డు మీద ఫైళ్లను అమర్చే పద్ధతులు వేరువేరు: 2 జీబీ దాటి 32 జీబీ దాకా ఉన్న కార్డులు ఫ్యాట్32 పద్ధతిలో, 64 జీబీ నుంచి పైవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి. పాత ప్లేయర్లు చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ తెలియదు. 64 జీబీ కార్డు పెట్టగానే ‘కార్డు లేదు’ అనో, ‘ఫార్మాట్ చేయండి’ అనో అంటాయి. ప్లేయర్ సెట్టింగ్స్‌లోనే ఫార్మాట్ ఎంపిక ఉంటే దాన్ని వాడటం ఉత్తమం, దానికి కావలసినట్లు అదే చేసుకుంటుంది. లేకపోతే కంప్యూటర్‌లో ఫ్యాట్32గా మార్చాలి. విండోస్ సొంత ఫార్మాట్ పెట్టె చాలాకాలంగా 32 జీబీ దాటిన కార్డుకు ఫ్యాట్32 ఎంపికను చూపడం లేదు కాబట్టి రూఫస్ లాంటి ప్రోగ్రామ్ అవసరమవుతుంది. ఫార్మాట్ చేస్తే కార్డులో ఉన్నదంతా పోతుందని వేరే చెప్పనక్కరలేదు.

ఊరుపేరు లేని చవక కార్డులతో మరో ప్రమాదం ఉంది. 8 జీబీ కార్డుకు 128 అని అబద్ధం చెప్పించి అమ్ముతారు. మొదటి 8 జీబీ వరకు బాగానే ఎక్కుతుంది, ఆ తరువాత రాసినవి కనిపిస్తాయి గానీ పాడవు. పాటలు ఎక్కించే ముందే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3తో పరీక్షించండి. సమయం పడుతుంది, రాత్రి వదిలేసి పడుకోండి.

కాపీ చేసేటప్పుడు

ఇంత సిద్ధం చేశాక ఇక్కడ చెప్పడానికి పెద్దగా లేదు. ఆల్బమ్ ఫోల్డర్లను ఎంపిక చేసి, కాపీ చేసి, ప్లేయర్‌లోని మ్యూజిక్ ఫోల్డర్‌లో పేస్ట్ చేయండి. పాటలను ఏ ఫోల్డర్‌లోనూ పెట్టకుండా డ్రైవ్ పై అంతస్తులోనే వందలుగా పడేయకండి. 2 జీబీ లోపు పాత ప్లేయర్లు వాడే ఫ్యాట్16లో ఆ చోట 512 నమోదులకు మించి పట్టవు, పైగా పొడవైన ఒక్కో ఫైలు పేరు మూడు నాలుగు నమోదులను మింగుతుంది. డ్రైవ్ సగం ఖాళీగా ఉండగానే ‘చోటు లేదు’ అంటుంది.

తెర లేని చిన్న ప్లేయర్లు, చవక రకాలు కొన్ని పేర్లను అసలు చూడవు. ఫైళ్లు కార్డు మీద ఏ వరుసలో రాయబడ్డాయో ఆ వరుసలోనే పాడతాయి. మీరు 01, 02 అని పెట్టినా వరుస తప్పుతోందంటే మీది ఈ బాపతే. విండోస్‌లో డ్రైవ్‌సార్ట్, లినక్స్‌లో ఫ్యాట్‌సార్ట్ ఆ వరుసను పేర్ల ప్రకారం సరిచేస్తాయి. కొత్త పాటలు చేర్చిన ప్రతిసారీ ఒకసారి నడపాలి.

మ్యాక్ నుంచి కాపీ చేసేవారికి మరో తలనొప్పి. ప్రతి పాటకూ జంటగా, చుక్క, అండర్‌స్కోర్‌తో (._) మొదలయ్యే అదే పేరున్న చిన్న ఫైలు ఒకటి కార్డు మీద పుడుతుంది. మ్యాక్ తన అదనపు సమాచారాన్ని అందులో దాస్తుంది. ఫైండర్‌లో అది కనిపించదు, ప్లేయర్‌లో మాత్రం పాడని పాటగా కనిపిస్తుంది. ప్రతి పాట తరువాత ‘ఫైలు చదవలేను’ అనే మాట వస్తుంటే ఇదే కారణం. కాపీ అయ్యాక, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో డాట్‌క్లీన్ ఆదేశాన్ని, రెండు మాటల మధ్య అండర్‌స్కోర్‌తో, కార్డు మీద నడపండి. మైనస్ ఎం అనే ఎంపిక జతచేస్తే ఆ చిల్లర ఫైళ్లను తొలగిస్తుంది.

కాపీ పట్టీ నిండిపోయిందంటే రాయడం ముగిసినట్లే అనుకోకండి. కంప్యూటర్ కొంత డేటాను తన దగ్గర ఉంచుకుని తీరికగా రాస్తూ ఉండవచ్చు, లినక్స్‌లో ఇది మరీ ఎక్కువ. ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చని చెప్పేదాకా ఆగండి. చివర కాపీ అయిన ఒకటి రెండు పాటలే మధ్యలో తెగిపోతున్నాయంటే తొందరపడి కేబుల్ లాగేసి ఉంటారు.

ప్లేయర్ ఆన్ చేశాక

కొన్ని ప్లేయర్లు కేబుల్ తీయగానే కొత్త పాటలను వాటంతట అవే వెతుక్కుంటాయి. చాలావాటిలో సెట్టింగ్స్‌లో ‘లైబ్రరీ అప్‌డేట్’, ‘డేటాబేస్ రిఫ్రెష్’, ‘మీడియా స్కాన్’ లాంటి పేరుతో ఒక ఎంపిక ఉంటుంది, అది నొక్కాలి. వేలకొద్దీ పాటలుంటే కొన్ని నిమిషాలు పడుతుంది, ఈలోగా ఆపేయకండి. పాట ‘ఫోల్డర్లు’లో కనిపిస్తూ ‘ఆల్బమ్‌లు’లో కనిపించకపోతే స్కాన్ కాలేదన్నమాట, లేదా ట్యాగ్ ఖాళీగా ఉంది. ఫోల్డర్లలో కూడా కనిపించకపోతే ఫార్మాట్ ప్లేయర్‌కు నచ్చలేదు. కనిపించి, నొక్కితే దాటి వెళ్లిపోతే ఫైలు తెగిపోయిందో, తాళం ఉందో, ఎం4ఏలో అలాక్ ఉందో చూడండి. స్కాన్ ఒకేచోట ఎప్పుడూ ఆగిపోతుంటే ఏదో ఒక చెడ్డ ఫైలు అడ్డుపడుతోంది. సగం ఆల్బమ్‌లు తీసి స్కాన్ చేయండి, అది ఏ సగంలో ఉందో తెలుస్తుంది, ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. త్వరగానే దొరికిపోతుంది. ట్యాగ్‌లు దిద్ది మళ్లీ కాపీ చేసినా పాత పేర్లే కనిపిస్తుంటే డేటాబేస్‌ను పూర్తిగా తుడిచి కొత్తగా కట్టించండి.

ప్లేలిస్ట్‌లు కావాలంటే ఎం3యూ8 రకం వాడండి. అది యూటీఎఫ్-8లో ఉంటుంది కాబట్టి తెలుగు పేర్లున్న ఫైళ్లను కూడా పట్టుకుంటుంది. ప్లేలిస్ట్ అంటే పాటల దారులు వరుసగా రాసిన చిన్న పాఠ్య ఫైలు, అంతే. అందులో కంప్యూటర్ డ్రైవ్ అక్షరంతో సహా పూర్తి దారి ఉంటే ప్లేయర్‌లో అది పనిచేయదు. ప్లేలిస్ట్ ఫైలు ఉన్న చోటు నుంచి మొదలయ్యే సాపేక్ష దారి ఉండాలి. ప్రోగ్రామ్ ఇచ్చిన ప్లేలిస్ట్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, పూర్తి దారిలోని ముందు భాగాన్ని ఒకేసారి తీసేయవచ్చు.

వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన పాటల్లో ఒకటి గుసగుసగా, ఇంకొకటి చెవులు పగిలేలా ఉండడం సహజం. ఫూబార్2000లో పాటలను ఎంపిక చేసి రీప్లేగెయిన్ స్కాన్ చేస్తే ప్రతి పాట ఎంత బిగ్గరగా ఉందో లెక్కించి ట్యాగ్‌లో రాస్తుంది, ధ్వనిని ముట్టుకోదు. ప్లేయర్‌లో రీప్లేగెయిన్ ఎంపిక ఉంటే దాన్ని ఆన్ చేయండి. ఆ ఎంపిక లేని ప్లేయర్లకు ఎంపీ3గెయిన్ ఉంది. అది ఎంపీ3 ఫైలు లోపలి శబ్ద స్థాయినే 1.5 డెసిబెల్ మెట్లలో మారుస్తుంది, తిరిగి ఎన్‌కోడ్ చేయదు కాబట్టి నాణ్యత తగ్గదు, కావాలంటే వెనక్కి కూడా తిప్పవచ్చు. అయినా దీన్ని అసలు ప్రతుల మీద కాకుండా ప్లేయర్ నకలు మీదే చేయండి.

తరువాత కొత్త పాటలు చేరినప్పుడల్లా మొత్తం మళ్లీ కాపీ చేయనక్కరలేదు. డిస్కులా కనిపించే ప్లేయర్‌కు గానీ కార్డుకు గానీ ఫ్రీఫైల్‌సింక్ లాంటి ప్రోగ్రామ్‌ను, లినక్స్‌లో ఆర్‌సింక్‌ను వాడితే కంప్యూటర్ ఫోల్డర్‌ను, ప్లేయర్‌ను పోల్చి, తేడా ఉన్నవి మాత్రమే పంపుతాయి. పోలిక దిశ కంప్యూటర్ నుంచి ప్లేయర్ వైపే ఉందని మొదటిసారి జాగ్రత్తగా చూసుకోండి. దిశ తిరగబడితే ఖాళీ కార్డును చూసి కంప్యూటర్‌లోని సేకరణను కూడా ఖాళీ చేసేయవచ్చు. ఫ్రీఫైల్‌సింక్‌ ‘సింక్’ నొక్కే ముందు ఏ ఫైళ్లు చేరతాయి, ఏవి తొలగుతాయి అన్న జాబితా చూపిస్తుంది, అందులో తొలగించేవాటి సంఖ్య మీరు ఊహించినదానికంటే ఎక్కువ ఉంటే నొక్కకండి.